మానవశాస్త్రము: సంఘ కాపరికి దానితో పనేమిటి?

ఉపోద్ఘాతము

వేదాంత విద్యాలయములో మానవశాస్త్రము ఒక పాఠ్యాంశముగా ఉన్నదని తెలిసినప్పుడు క్రొత్త విద్యార్థులు సాధారణముగా రెండు విధాలుగా పొరబడతారు. కొందరు దీనిని క్రమబద్ధ వేదాంతములోని మానవ సిద్ధాంతము అనుకుంటారు. దేవుని స్వరూపములో మానవుని సృష్టి, పతనము, స్వేచ్ఛా చిత్తము మొదలైన అంశాలన్నీ ఆ సిద్ధాంతానికి చెందినవి. మరికొందరు కోతి నుండి మనిషి వచ్చాడని చెప్పే శాస్త్రము ఇదేనని భయపడి, పరీక్ష గట్టెక్కేంత వరకే చదివి విడిచిపెడతారు. ఈ రెండూ కావు. దేవుని ఎదుట మానవుడు ఎవరు అని వేదాంతము అడుగుతుంది. తోటి మనుష్యుల మధ్య మానవుడు ఎలా జీవిస్తున్నాడు అని మానవశాస్త్రము అడుగుతుంది. ఏమి తింటాడు, ఎవరితో తినడు, ఎవరిని పెండ్లాడతాడు, చనిపోయినవారిని ఎలా సాగనంపుతాడు, బిడ్డకు జ్వరము వస్తే ముందు ఎవరి గుమ్మము తొక్కుతాడు అన్నవి దాని ప్రశ్నలు. సంఘ కాపరి వారములో ఆరు రోజులు ఈ ప్రశ్నల మధ్యనే తిరుగుతుంటాడు. అయితే వాటికి జవాబులు తనకు ముందే తెలుసునని అనుకుంటాడు. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

మానవశాస్త్రమంటే ఏమిటి?

గ్రీకు భాషలో ‘ఆంత్రోపోస్’ అంటే మనిషి, ‘లోగోస్’ అంటే మాట లేక వివేచన. ఈ శాస్త్రాన్ని నాలుగు శాఖలుగా విభజించడము వాడుక. శరీర నిర్మాణాన్ని, వంశక్రమాన్ని పరిశీలించేది ఒకటి, భూమిలో దొరికిన అవశేషాల ద్వారా గతాన్ని చూచేది మరొకటి, భాషను పరిశీలించేది ఇంకొకటి. నాలుగవది సాంఘిక, సాంస్కృతిక మానవశాస్త్రము. కాపరికి ఎక్కువగా పనికివచ్చేది ఇదే కనుక ఈ వ్యాసము దానికే పరిమితము.

1871లో ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ టైలర్ తన గ్రంథములో సంస్కృతి అనే మాటకు ఒక నిర్వచనము ఇచ్చాడు. జ్ఞానము, విశ్వాసము, కళ, నీతి, చట్టము, ఆచారము మొదలుకొని సమాజములో సభ్యుడైనందువలన మనిషి నేర్చుకున్నదంతా కలిసి సంస్కృతి అవుతుందని దాని సారాంశము. ఇందులో ‘నేర్చుకున్నది’ అన్న మాట ముఖ్యమైనది. పుట్టుకతో ఎవరూ ఎంగిలి అని ఎరిగి పుట్టరు, మైల అని ఎరిగి పుట్టరు. తల్లి ఒడిలో, వీధిలో, బంధువుల ఇండ్లలో అవి నేర్చుకుంటారు. నేర్చుకున్నామన్న సంగతి మరచిపోయిన తరువాత అదే సహజమని, తక్కినవారిదే వింత అని అనుకుంటారు.

అదే 1871లో అమెరికాకు చెందిన లూయీ హెన్రీ మోర్గాన్ బంధుత్వ వ్యవస్థలపై ఒక పెద్ద గ్రంథము ప్రచురించాడు. అందులో తమిళ, తెలుగు బంధుత్వ పదాల పట్టికలు ఉన్నాయి. ప్రపంచము నలుమూలల నుండి ఇటువంటి సమాచారాన్ని ఆయనకు సేకరించి పంపినవారిలో మిషనరీలు అనేకులు. మనము తండ్రి సోదరులను పెదనాన్న, చిన్నాన్న అని, అంటే నాన్నలుగానే పిలుస్తాము. తల్లి సోదరుడు మాత్రము మేనమామ. పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అవుతుంది, మేనమామ కూతురు మరదలు అవుతుంది. ఇంగ్లీషులో వీరిద్దరికీ ఒకే మాట. కాబట్టి ఇంగ్లీషు పుస్తకము నుండి కుటుంబ జీవితముపై ప్రసంగము తయారుచేసుకునే కాపరి, మేనరికము గురించి తన సంఘస్థులు అడిగే ప్రశ్నకు ఆ పుస్తకములో జవాబు వెదకితే దొరకదు. ఆ పుస్తకము వ్రాసినవారికి ఆ ప్రశ్నే లేదు.

ప్రారంభ దశలో మానవశాస్త్రవేత్తలు ఎక్కువమంది ఇతరులు పంపిన సమాచారాన్ని బల్ల ముందు కూర్చుండి చదివి సిద్ధాంతాలు చేసినవారే. ఆ పద్ధతి మారడానికి బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ ముఖ్య కారకుడు. ఆయన 1915 నుండి 1918 వరకు చాలా కాలము న్యూగినీకి తూర్పున ఉన్న ట్రోబ్రియాండ్ దీవులలో గుడారము వేసుకొని, అక్కడి భాష నేర్చుకొని, వారి పడవ ప్రయాణాలను, తోట పనులను, మంత్రాలను కండ్లారా చూచి 1922లో గ్రంథముగా ప్రచురించాడు. జనులు చెప్పేది, చేయవలసినదని భావించేది, నిజముగా చేసేది మూడూ ఒకటి కావని, ఆ మూడింటినీ విడివిడిగా వ్రాసుకోవాలని ఈ పద్ధతి నేర్పింది. ఆదివారము చేతులెత్తిన వారిని లెక్కించి నివేదిక వ్రాసే మనకు ఈ ఒక్క పాఠము చాలు. అయితే మాలినోవ్‌స్కీ కూడా పరిశుద్ధుడేమీ కాదు. ఆయన స్వంత దినచర్య పుస్తకము 1967లో అచ్చయినప్పుడు, తాను అధ్యయనము చేసిన జనుల మీద ఆయనకున్న విసుగు, తృణీకారము బయటపడి చాలామందిని కలవరపెట్టాయి. జనుల మధ్య నివసించినంత మాత్రాన ప్రేమ పుట్టదని ఆయన దినచర్య ద్వారా తెలుస్తున్నది. సేవకులమైన మనకు ఇది పరాయి సంగతి కాదు.

తెలుగు నేల మీద జరిగిన అధ్యయనములు

మన ప్రాంతము గురించి ఈ శాస్త్రములో తక్కువ పని జరగలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయముతో, దక్షిణ భారత కులాలు, తెగలపై ఏడు సంపుటాలు 1909లో వెలువరించాడు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ నైజాము రాష్ట్రములో చెంచులపై 1943లో, ఆదిలాబాదు రాజ గోండులపై 1948లో గ్రంథాలు ప్రచురించాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు కూడా ఆయన పాటుపడ్డాడు. హైదరాబాదు సమీపములోని శామీర్‌పేట గ్రామముపై ఎస్.సి. దూబే వ్రాసిన గ్రంథము 1955లో వెలువడింది.

సంఘానికి నేరుగా సంబంధించిన పుస్తకము 1968లో వచ్చింది. పి.వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు మెదక్ అధ్యక్ష మండలములోని జంగరాయి ప్రాంత గ్రామ సంఘాలను పరిశీలించి వ్రాసిన గ్రంథమది. విశ్వాసులు బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనముతోపాటు గ్రామ దేవతల పండుగలలో, ఊరి ఆచారాలలో కూడా పాలుపంచుకుంటున్న సంగతిని దాచకుండా, నిందించకుండా వ్రాశారు. ఆ పుస్తకము వచ్చి అర్ధ శతాబ్దము దాటింది. అయినా దానిని చదివిన గ్రామ కాపరి తన సంఘ పుస్తకములోని పేర్లను గుర్తుపట్టకుండా ఉండలేడు.

హీబర్ట్ గారు చెప్పిన సంగతి

ఈ శాస్త్రాన్ని సంఘ సేవకు దగ్గరకు తెచ్చినవారిలో పాల్ హీబర్ట్ ముఖ్యుడు. ఆయన 1932లో శంషాబాదులో మెనొనైట్ మిషనరీ దంపతులకు జన్మించాడు. తరువాత తానూ మిషనరీగా పాలమూరు ప్రాంతములో పనిచేశాడు. ‘కొండూరు’ అనే తెలుగు గ్రామము యొక్క నిర్మాణాన్ని గురించి 1971లో ఒక గ్రంథము ప్రచురించి, అమెరికాలోని వేదాంత విద్యాలయాలలో చాలా కాలము బోధించి, 2007లో మరణించాడు.

ఆయన తన రచనలలో ఒక సంఘటన చెప్పాడు. ఒక ఊరిలో మశూచి వ్యాపించింది. మైసమ్మకు కోపము వచ్చిందని, దున్నపోతును బలి ఇవ్వాలని సోదె చెప్పేవాడు చెప్పాడు. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవ కుటుంబాలు ఇవ్వమన్నాయి. ఒక్క ఇల్లు ఇవ్వకపోయినా అమ్మవారు శాంతించదని ఊరి నమ్మకము. అందుచేత వారిని బావిలో నీళ్ళు తోడుకోనివ్వలేదు, దుకాణములో సరుకులు ఇవ్వలేదు. చివరకు మాట కోసము ఒక్క పైసా ఇచ్చినా చాలునన్నా వారు ఒప్పుకోలేదు. ఇంతలో క్రైస్తవ కుటుంబములోనే ఒక చిన్నపిల్లకు మశూచి సోకింది. ఇప్పుడు ఊరంతా చూస్తున్నది. గ్రామ కాపరి హీబర్ట్ దగ్గరకు వచ్చి, వచ్చి ప్రార్థించుమని అడిగాడు.

అప్పుడు తనలో కలిగిన ఇబ్బందిని హీబర్ట్ దాచుకోలేదు. తాను చదువుకున్న వేదాంతములో దేవుడు, పాపము, పరలోకము ఉన్నాయి. తాను చదువుకున్న విజ్ఞానములో క్రిములు, మందులు, టీకాలు ఉన్నాయి. ఈ రెండింటికీ మధ్య ఉన్న ప్రదేశములో, అంటే దిష్టి, శకునము, గాలి సోకడము, చేతబడి, గ్రామదేవత, చనిపోయిన పూర్వికులు, ఈ బిడ్డకే ఈ వ్యాధి ఎందుకు వచ్చింది అనే ప్రశ్న ఉన్నచోట, తన దగ్గర జవాబు లేదు. ఊరివారి ఆలోచన తిరిగేది మాత్రము అక్కడే. 1982లో ప్రచురించిన ఒక వ్యాసములో ఆయన దీనిని వదలివేయబడిన మధ్య భాగముగా వర్ణించాడు. పడమటి దేశాలవారు ఆ భాగాన్ని గుర్తించకపోవడము వారి మిషన్లలోని లోపమని వాదించాడు.

వారు ప్రార్థించారు. బిడ్డ చనిపోయింది. హీబర్ట్ తాను ఓడిపోయాననుకున్నాడు. వారము తరువాత కాపరి సంతోషముతో తిరిగి వచ్చాడు. బిడ్డ బాగుపడి ఉంటే దేవుని శక్తిని ఊరివారు ఒప్పుకునేవారేనని, అయినా ఎప్పటికైనా ఆ పిల్ల చావక తప్పదని వారికి తెలుసునని చెప్పాడు. భూస్థాపన సమయములో క్రైస్తవులు పునరుత్థానము గురించి, తిరిగి కలుసుకోవడము గురించి నిరీక్షణతో మాట్లాడడము చూచి ఊరివారు మరణము మీద జయమును చూచారట, ఆ మార్గము గురించి అడగడము మొదలుపెట్టారట.

ఈ సంఘటనను ప్రసంగాలలో విజయగాథగా చెప్పడము నేను విన్నాను. నాకు అంతకంటె ముఖ్యముగా తోచేది వేరొకటి. గ్రామ కాపరి తన ఊరిని చదవగలిగాడు, పట్టభద్రుడైన మిషనరీ చదవలేకపోయాడు. ఊరివారు ఏమి చూస్తున్నారో, దేనిని ఓటమిగా, దేనిని గెలుపుగా లెక్కిస్తారో కాపరికి తెలుసు. నేడు మన విద్యాలయాలలో శిక్షణ పొందేది ఆ కాపరి మనుమలు. మనము వారికి హీబర్ట్‌కు మొదట నేర్పిన వేదాంతమే నేర్పి, తాతకు తెలిసినది మరచిపోయేలా చేసి ఊరికి పంపుతున్నామేమో ఆలోచించాలి. ప్రసంగము పాపక్షమాపణ గురించి, పరలోకము గురించి. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి తల్లి వెళ్ళేది తాయెత్తు కట్టేవాని దగ్గరకు. ఆమె విశ్వాసము లేనిది కాదు. ఆ రాత్రి గురించి మనము ఆమెకు ఎన్నడూ ఏమీ చెప్పలేదు.

మనము పలికిన మాట, వారు విన్న మాట

మన ప్రసంగ భాషను తీసుకొనండి. ‘పాపము’ అని మనము అన్నప్పుడు దేవునికి విరోధమైన క్రియ అని మన భావము. వీధిలో ఆ మాట ఎక్కువగా వినబడేది ‘అయ్యో పాపం’ అని జాలిపడేటప్పుడు. పాపము కర్మఫలముగా పేరుకొని ఉంటుందని, పుణ్యముతో దానిని తగ్గించుకోవచ్చునని కూడా వినేవారి తలంపు కావచ్చు. ‘మీరు తిరిగి జన్మించాలి’ అని మనము గొప్ప శుభవార్తగా ప్రకటిస్తాము. మరల మరల పుట్టడము నుండి విడుదల కావాలని కోరుకునే మనిషికి అది శుభవార్తగా ఎలా వినబడుతుంది? ‘శాంతి’ అంటే గ్రహశాంతి చేయించడము గుర్తుకు వచ్చేవారు ఉన్నారు. ‘ఆత్మతో నింపబడుట’ అన్నప్పుడు జాతరలో పూనకము చూచి పెరిగినవారి మనస్సులోకి ఏ దృశ్యము వస్తుందో ఎప్పుడైనా అడిగామా?

ఈ మాటలు విడిచిపెట్టాలని నా ఉద్దేశము కాదు. వేరే మాటలు మనకు లేవు కూడా. ప్రతి మాటకు ముందే ఒక ఇల్లు, ఒక బంధువర్గము ఉంటాయి. ఆ ఇల్లు తెలిసినవాడు ఒక ఉదాహరణ చేర్చి చెబుతాడు. తెలియనివాడు గొంతు పెంచుతాడు.

డప్పు సంగతి

1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరవు తరువాత ఒంగోలు ప్రాంతములో వేలాదిమంది మాదిగలు క్రైస్తవ్యములోకి వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇది సంఘ చరిత్ర పాఠములో అందరూ చదివినదే. జాన్ క్లౌ దొరగారి ఆత్మకథ 1914లో వెలువడింది. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అని విశ్వాసులకు మూడు నియమాలు ఉండేవని అందులో ఉన్నది.

బైటనుండి చూస్తే ఇవి మూడు మతపరమైన నియమాలు. ఊరి లోపలి నుండి చూస్తే వేరుగా కనబడతాయి. చచ్చిన పశువును లాగివేయడము, తోలు పని చేయడము, జాతరలో డప్పు కొట్టడము మాదిగల మీద ఊరు మోపిన చాకిరి. ఆ మాంసము, ఆ తోలు, కళ్ళములో కొలిచే గింజలు ఆ చాకిరికి ప్రతిఫలము. ‘అమ్మవారి ముందు డప్పు కొట్టము’ అని విశ్వాసి అన్నప్పుడు మిషనరీకి అది విశ్వాస ప్రమాణముగా వినబడింది. కరణము, మునసబులకు అది పని మానివేయడముగా వినబడింది. మతము ఒక గదిలో, పని ఒక గదిలో ఉంటాయన్న లెక్క మన ఊళ్ళలో చెల్లదని మానవశాస్త్రము చెప్పేది ఇందుకే. హింస వచ్చినది విశ్వాసము వల్లనా, కూలి వల్లనా, కులము వల్లనా అని విడదీయబోతే దారము తెగిపోతుంది.

క్లౌ గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ తరము పెద్దల నోటి నుండి విన్న జ్ఞాపకాలను సేకరించి 1899లో పుస్తకముగా ప్రచురించింది. సువార్తను ముందుగా అందుకున్న ఎర్రగుంట్ల పేరయ్య అంతకు ముందే యోగమార్గపు గురువులను ఆశ్రయించి దేవుని వెదకినవాడని అందులో చదువుతాము. ఆమె అడగకపోతే, మిషను వచ్చేవరకు వారు ఏమీ ఆలోచించని జనమని మనము నేటికీ అనుకుంటూ ఉండేవారము.

ఈ డప్పు కొన్ని సంఘాలలో ఈనాటికీ గుడి గుమ్మము దాటలేదు. విగ్రహ సంబంధమైనదని కారణము చెబుతారు. ఆ కారణములో సగము కులాన్ని చూచి సిగ్గుపడడమేనని నా అభిప్రాయము. అభ్యంతరము పెట్టేవారిని కూర్చోబెట్టి ఓపికగా అడిగితే తేలుతుంది.

ఈ శాస్త్రము నిర్దోషమా?

కాదు. థర్‌స్టన్ కులాలవారీగా మనుష్యుల తలలు, ముక్కులు కొలిచి అంకెలు వ్రాసుకున్నాడు. జాతుల గురించి ఆ కొలతల మీద నిలబెట్టిన సిద్ధాంతాలను ఆ తరువాతి శాస్త్రము త్రోసివేసింది. అంతకంటె ఘోరమైనది నేరస్థ జాతుల చట్టము. టైలర్, మోర్గాన్‌ల పుస్తకాలు వచ్చిన 1871లోనే అది మొదట ఉత్తర భారతములో అమలులోకి వచ్చింది. 1911 చట్టముతో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. కొన్ని తెగలు పుట్టుకతోనే నేరస్థులన్న ఆలోచనకు అప్పటి కులాల వర్ణనలు ఊతమిచ్చాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో ఎరుకల కుటుంబాలను స్థిరపరచి, ఆ వసతిని నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీ తీసుకున్నది. అక్కడ బడి ఉంది, పని ఉంది, సువార్త ఉంది. హాజరు, అనుమతి లేకుండా వెళ్ళరాదన్న కట్టుబాటు కూడా ఉన్నాయి. ఉప్పు, ధాన్యము మోసుకొని ఊరూరా తిరిగి వ్యాపారము చేసుకునే జనము రైలు మార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానాల వలన బ్రతుకుతెరువు పోగొట్టుకున్నదని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001 నాటి తన గ్రంథములో చూపింది. చట్టము 1952లో రద్దయింది. ఆ పేరు మీద పడిన మచ్చ అంత త్వరగా పోలేదు. కాబట్టి తెలుసుకోవడము అనేది అధికారము చేతిలో ముద్ర వేయడముగా మారగలదు. కాపరికి కూడా అధికారము ఉంది, సంఘ పుస్తకము అతని చేతిలోనే ఉంటుంది.

మరొక అభ్యంతరము కూడా ఉంది. ప్రతి ఆచారానికీ అర్థము ఉందంటే ప్రతి ఆచారమూ మంచిదే అవుతుంది కదా, అప్పుడు సువార్త ఏమవుతుంది అని అడుగుతారు. అర్థము తెలుసుకోవడము ఆమోదించడము కాదు. హీబర్ట్ ఇక్కడ ఒక క్రమము సూచించాడు. మొదట ఆచారమును తీర్పు తీర్చకుండా సంఘస్థుల నోటనే వినాలి. తరువాత ఆ విషయముపై లేఖనాలను వారితో కలిసి చదవాలి. ఏది ఉంచాలో, ఏది విడువాలో, దేనికి క్రొత్త అర్థము ఇవ్వాలో వారే నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి తగిన క్రొత్త ఆచరణను ఏర్పరచుకోవాలి. కాపరి ఒక్కడే నిర్ణయించి నిషేధిస్తే ఆచారము చావదు, చాటుకు పోతుంది.

నా స్వంత అనుభవము

నేను మొదట సేవ చేసిన సంఘములో ఒక యౌవనస్థుడు చనిపోయాడు. పదకొండవ దినమున భోజనము పెడుతున్నాము, వచ్చి ప్రార్థన చేయుమని అతని భార్య కబురు పంపింది. అది అన్యాచారమని, నేను రానని, మీరు కూడా చేయకూడదని చెప్పి పంపాను. వారు మానుకున్నారు. నేను సంతోషించాను. సంవత్సరము తరువాత సంఘములోని ఒక వృద్ధురాలు నన్ను ప్రక్కకు పిలిచి, ‘అయ్యగారూ, ఆ దినము పెట్టి ఉంటే ఆమె అన్నలు పదిమందిలో చీర పెట్టేవాళ్ళు. చీర పెట్టినవాడు ఆడబిడ్డను చూసుకోక తప్పదు. కూటమే జరగలేదు గదా, ఇప్పుడు ఆమెను అడిగే దిక్కు లేదు’ అన్నది. అత్తింటివారు అప్పటికే ఆమెకు భూమిలో భాగము లేదన్నారు. పుట్టింటివారు పట్టించుకోలేదు.

నేను పదకొండు అనే అంకెను చూచాను, చీరను చూడలేదు. ఎవరినీ అడగలేదు.

తరువాత సంఘ పెద్దలతో, ముఖ్యముగా విధవరాండ్రతో, ఈ విషయమై అనేకసార్లు కూర్చున్నాము. రూతు గ్రంథము చదివాము, యాకోబు పత్రికలో విధవరాండ్ర పరామర్శ గురించి చదివాము. గాజులు పగులగొట్టడము, బొట్టు తుడిచివేయడము మన సంఘములో ఉండకూడదని స్త్రీలే పట్టుబట్టారు. ఆత్మకు పిండము పెట్టడమన్న మాటే లేదన్నారు. భోజనము ఉండాలని, దానిని జ్ఞాపకార్థ కూటముగా జరపాలని, అందులో పుట్టింటివారు చీర పెట్టాలని, అది పెట్టేటప్పుడు కాపరి వారి చేత సంఘము ఎదుట మాట తీసుకోవాలని తీర్మానించారు. ఆ చివరి మాట నాకు తట్టినది కాదు, ఆ వృద్ధురాలు చెప్పినది.

ఇదంతా తేలడానికి ఆరు సంవత్సరాలు పట్టింది. అప్పటికే ఆమె పిల్లలను తీసుకొని కూలి పనికి పట్టణము వెళ్ళిపోయింది.